సిగరెట్ తాగేవాళ్లకి యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు: వేసుకోవచ్చా, పక్కన పెట్టాలా?

బెళ్ళందూరు బ్యాచిలర్:
అందరికీ నమస్కారం. ఆఫీసులో ఏటా చేసే హెల్త్ చెకప్ అయింది. రిపోర్టులు పర్లేదు. కానీ ఫారంలో పొగ అలవాటు ఉందని టిక్ పెట్టినందుకు మర్నాటి నుంచి ఒక వెల్‌నెస్ కంపెనీ ఫోన్లు మొదలయ్యాయి. "సార్, స్మోకర్స్‌కి బాడీలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువ, మా ప్యాక్ వాడితే లంగ్స్ క్లీన్ అవుతాయి" అని ఆవిడ ఎంత తియ్యగా చెప్పిందంటే, ఫోన్ పెట్టేలోపే ఆర్డర్ పెట్టేశాను. సీసా మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: బీటా కెరోటిన్ 25 మి.గ్రా., విటమిన్ ఇ 400 ఐయూ (విటమిన్లని కొలిచే యూనిట్), విటమిన్ సి 1000 మి.గ్రా., సెలీనియం 100 మైక్రోగ్రాములు. భోజనం తర్వాత రోజుకొకటి.

నేను ఇంచుమించు రోజుకో పెట్టె ఊదేస్తాను. టెక్ పార్కు గేటు దాటితే టీ బండి, దాని పక్కనే పాన్ డబ్బా, ఇక చెప్పేదేముంది. మానాలనే ఉంది. ఈలోపు ఇవి వేసుకుంటే కాస్తయినా రక్షణ ఉంటుందా? ఇంకో డౌటు, ఈ ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే సాఫ్ట్‌వేర్ రిలీజు ముందు రోజు టెన్షన్ లాంటిదేనా? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా.

సీమ టపాకాయ:
నవ్వకుండా ఎట్లుంటాం అన్నా. ఊదేదానికి దుడ్లు, ఊదినందుకు మాత్రలకి మళ్లీ దుడ్లు. మానెయ్యి, రెండు ఖర్చులూ పోతాయి.

ఎలక్ట్రానిక్ సిటీ అక్క:
మానెయ్యమని చెప్పడానికి ఈ గ్రూపు దేనికి, ఆ పెట్టె మీద బొమ్మే చెబుతోంది కదా. అడిగినదానికి తెలిసినవాళ్లు జవాబు చెప్పండి. మా ఇంట్లోనూ ఇదే బాపతు మనిషి ఉన్నాడు, నాకూ కావాలి.

జయనగర్ ఫార్మసిస్టు:
బ్యాచిలర్ గారూ, ముందు ఆ సీసా మూత పెట్టేసి పక్కన పెట్టండి. కారణం మీరే రాశారు, బీటా కెరోటిన్ (క్యారెట్‌కి రంగునిచ్చేది, ఒంట్లో విటమిన్ ఎగా మారేది) 25 మి.గ్రా. సిగరెట్ తాగేవాళ్లకి మాత్ర రూపంలో ఇవ్వకూడని విటమిన్ ఏదైనా ఉందంటే అదే. దాన్ని పట్టుకొచ్చి పొగతాగేవాళ్లకే అమ్ముతున్నారంటే ఏమనాలో తెలీదు. షాపు మూసి వచ్చి మిగతాది రాస్తాను.

ల్యాబ్ కోట్:
బయోకెమిస్ట్రీ మా తిండి కాబట్టి నేనందుకుంటా. టెన్షన్‌కీ దీనికీ సంబంధం లేదు. ఒక ఎలక్ట్రాన్‌కి జత లేకుండా మిగిలిపోయిన అణువుల్ని ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి పక్కన ఏది దొరికితే దాని దగ్గర ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. అది కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర కావచ్చు, ప్రోటీన్ కావచ్చు, డీఎన్ఏ కావచ్చు. సిగరెట్ ఒక్క దమ్ము పొగలో ఇవి దాదాపు 10 కోట్ల కోట్లు ఉంటాయని లెక్క. పైగా పొగకి ఊపిరితిత్తుల్లోకి తెల్ల రక్తకణాలు పరిగెత్తుకొస్తాయి, అవి తమ వంతు ఆక్సిడెంట్లు, అంటే ఇలా ఎలక్ట్రాన్ లాక్కునేవి, వదులుతాయి. ఈ దాడి శరీరం ఆపగలిగిన దానికంటే ఎక్కువైతే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్.

ఆపే పని కొంత విటమిన్లది, ఇలా ఆపేవాటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. కొవ్వు పొరలో విటమిన్ ఇ కాపలా ఉంటుంది. ఒక రాడికల్‌ని ఆపాక అది ఖర్చైపోతుంది, విటమిన్ సి వచ్చి దాన్ని మళ్లీ పనికొచ్చేలా చేస్తుంది. అందుకే పొగతాగేవాళ్ల ఒంట్లో సి త్వరగా తరిగిపోతుంది. ఒకే రకం తిండి తిన్నా వాళ్ల రక్తంలో అది తక్కువే కనిపిస్తుంది. అమెరికా ప్రమాణాల్లో పొగతాగేవాళ్లు మిగతావాళ్ల కంటే రోజుకి 35 మి.గ్రా. విటమిన్ సి ఎక్కువ తీసుకోవాలని ఉన్నది ఇందుకే.

బెళ్ళందూరు బ్యాచిలర్:
థాంక్యూ సార్, ఇప్పుడు బుర్రకెక్కింది. కానీ తరిగిపోయిందాన్ని మాత్రలో ఇస్తే లెక్క సరిపోవాలి కదా? లాజిక్‌లో తప్పెక్కడుంది?

ల్యాబ్ కోట్:
1980ల్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తల లాజిక్కూ అదే. కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ కనిపించింది. అయితే మాత్ర ఇచ్చేస్తే పోలా అనుకున్నారు. ఫిన్లాండులో 1985లో మొదలుపెట్టారు. 50 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు, అందరూ సిగరెట్ తాగేవాళ్లే, మొత్తం 29,133 మంది. కొందరికి రోజూ 20 మి.గ్రా. బీటా కెరోటిన్, కొందరికి 50 మి.గ్రా. విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగిలినవాళ్లకి మందు లేని ఉత్తి మాత్ర. ఐదు నుంచి ఎనిమిదేళ్లు నడిపి, 1994లో ఫలితాలు బయటపెట్టారు. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. మొత్తం మరణాలు కూడా 8 శాతం ఎక్కువ. విటమిన్ ఇ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గనూ లేదు, పెరగనూ లేదు.

ఫిన్లాండువాళ్ల లెక్కలో ఏదో తేడా ఉందిలే అనుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పటికే అమెరికాలో ఇంకో ట్రయల్ నడుస్తోంది, పేరు కేరెట్. పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్‌తో పనిచేసినవాళ్లు కలిపి 18,314 మంది. 30 మి.గ్రా. బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ 25,000 ఐయూ ఇచ్చారు. మాత్రలు వేసుకునేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువగా కనిపించేసరికి, 1996 జనవరిలో, అనుకున్నదానికి 21 నెలల ముందే ఆపేశారు. మీ సీసాలో డోసు ఈ రెండు ట్రయల్స్ డోసుకీ సరిగ్గా మధ్యలో ఉంది.

నెల్లూరు పెద్దాయన:
అయ్యా, చాలా ఏళ్లుగా తాగుతున్నవాణ్ణి, నాకూ ఓ మాట చెప్పే హక్కుంది. ఎక్కడో మంచులో ఉండే ఫిన్లాండువాళ్లకీ, మునగాకు పప్పు తినే మనకీ ఒకటే లెక్కా? ఈ 18 శాతం, 28 శాతం అంటారే, ఇవి పేపర్లో వేసి భయపెట్టడానికి బాగుంటాయి. అసలు ఎంతమందికి వచ్చింది, ఎంతమందికి రాలేదు, అది చెప్పండి. ఇంకోటి, క్యారెట్‌లో ఉండేదీ అదే కదా. రేపట్నుంచి క్యారెట్ కూర కూడా మానాలా?

ల్యాబ్ కోట్:
పెద్దాయన గారు అడిగింది న్యాయమైన ప్రశ్న, శాతాలు చెప్పి ఊరుకోకూడదు. ఫిన్లాండులో బీటా కెరోటిన్ అందినవాళ్లు సుమారు 14,500 మంది, అందనివాళ్లూ అంతే. అందినవాళ్లలో 474 మందికి, అందనివాళ్లలో 402 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. అంటే వెయ్యి మందిలో ఐదుగురు అదనం. చూడ్డానికి చిన్నదే. కానీ ఇది జబ్బు రాకుండా ఉండటానికి ఇచ్చిన మాత్ర. మనుషులు తేడా అంటారా, ఎండకాచే కాలిఫోర్నియాలో కూడా కేరెట్ ట్రయల్ జరిగింది.

క్యారెట్ హాయిగా తినండి. ఒక మోస్తరు క్యారెట్‌లో 5 మి.గ్రా. బీటా కెరోటిన్ ఉంటే, అందులో కొంతే ఒంటికి పడుతుంది, అదీ మెల్లమెల్లగా. మాత్ర సంగతి వేరు. ఊపిరితిత్తుల్లో ఒక్కసారిగా అంత బీటా కెరోటిన్ చేరి, అక్కడ పొగ కూడా ఉంటే, అది విరిగి వేరే పదార్థాలుగా మారి కణాల పెరుగుదలని గాడి తప్పిస్తుందని 1999లో ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువుల మీద చూశారు. తిండిలో వచ్చిన బీటా కెరోటిన్ వల్ల హాని జరిగిందని మాత్రం ఎక్కడా తేలలేదు.

ఇంకో కోణం కూడా ఉంది. 2014లో స్వీడన్‌లో, ఊపిరితిత్తుల్లో కణితులు మొదలైన ఎలుకలకి విటమిన్ ఇ, ఎన్ఏసీ (కఫం పలచబరచడానికి వాడే యాంటీ ఆక్సిడెంట్ మందు) ఇస్తే కణితులు ఇంకా వేగంగా పెరిగాయి. యాంటీ ఆక్సిడెంట్ మంచి కణాన్ని కాపాడినట్టే చెడ్డ కణాన్నీ కాపాడుతుంది, దానికి మన పర భేదం తెలీదు. ఎలుకల్లో కనిపించిందంతా మనుషుల్లో జరగాలని లేదు, అయినా ఏళ్ల తరబడి పొగతాగినవాడికి లోపల ఏ మూల ఏం మొదలైందో తెలీదు కదా.

శ్రీకాకుళం టు సిల్క్ బోర్డ్:
మా వైపు ముచ్చట ఒకటి చెప్తాను. మా నాన్నమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ల కోసం, చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మా ఊరి ఆడవాళ్లు చాలామంది అలాగే తాగేవారు. ఆ చేత్తోనే పొయ్యి ఊదేవారు, వరి నాట్లేసేవారు, చుట్ట మాత్రం నోట్లోంచి తీసేవారు కాదు. నాన్నమ్మ అంగిలి అంతా తెల్లగా మందంగా అయిపోయి, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలుండేవి.

అప్పట్లో హైదరాబాదు పోషకాహార సంస్థవాళ్లు, అదే ఎన్ఐఎన్, ఆంధ్రలో అడ్డపొగ తాగేవాళ్ల మీద విటమిన్ల ట్రయల్ చేశారని చదివాను. నోట్లో మచ్చలు తగ్గాయట. మరి దానికేమంటారు ల్యాబ్ సార్?

ల్యాబ్ కోట్:
మంచిది గుర్తుచేశారు, నాకు ఇష్టమైన పరిశోధన అది. 1995లో అచ్చయింది. విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2), జింక్, సెలీనియం కలిపి ఏడాది పాటు ఇచ్చారు. క్యాన్సర్‌కి ముందు దశ అనుకునే నోటి మచ్చలు, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే చాలామందిలో తగ్గాయి. కాబట్టి విటమిన్లన్నీ విషమని నేననను. కానీ ఆ ఊళ్ల జనానికి తిండిలోనే ఈ పోషకాలు కరువు, లేనివాళ్లకి ఇస్తే ఫలితం కనిపించింది. ఫిన్లాండువాళ్లకి అలాంటి కరువు లేదు. పైగా ఇక్కడ చూసింది నోట్లో మచ్చ, అక్కడ చూసింది ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. బ్యాచిలర్ గారి కంపెనీ క్యాంటీన్ తిండి ఎంత చప్పగా ఉన్నా, ఆయన పరిస్థితి మొదటిది కాదు.

సీమ టపాకాయ:
పీజీ తిండి చూస్తే ఆ మాట అనరు సార్ మీరు.

జయనగర్ ఫార్మసిస్టు:
వచ్చాను. ఇక సీసాలో మిగతావి.

విటమిన్ ఇ 400 ఐయూ. దీని మీద సెలెక్ట్ అని ఇంకో పెద్ద ట్రయల్ ఉంది, 35,533 మంది మగవాళ్లు. 2011లో చూస్తే ఇదే డోసు వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. తమాషా ఏమిటంటే ఫిన్లాండులో 50 మి.గ్రా. వేసుకున్న పొగరాయుళ్లలో అదే క్యాన్సర్ తగ్గింది. అక్కడే మెదడులో రక్తస్రావంతో వచ్చే పక్షవాతం మరణాలు మాత్రం పెరిగాయి. నా కౌంటర్‌కి వచ్చి జుట్టుకనీ, చర్మానికనీ ఆకుపచ్చ ఇ క్యాప్సూల్స్ స్ట్రిప్పులకి స్ట్రిప్పులు పట్టుకెళ్లేవాళ్లలో సగం మంది ఇంట్లో ఎవరికో రక్తం పలచబడే మందులుంటాయి. వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ఇ మాత్ర వేసుకుంటే రక్తస్రావం ముప్పు.

సెలీనియం కూడా సెలెక్ట్‌లోనే చూశారు, ప్రయోజనం లేదు.

విటమిన్ సి 1000. మన భారత ప్రమాణాల ప్రకారం మగవాళ్లకి రోజుకి 80 మి.గ్రా. కావాలి, పొగతాగేవాళ్లకి ఇంకొంచెం కలుపుకోండి. రోజుకి 200 నుంచి 400 అందేసరికే రక్తంలో ఇంచుమించు నిండిపోతుంది, ఆపైన వేసింది మూత్రంలో పోతుంది. మేడ మీద ట్యాంకు పొర్లిపోతుంటే మళ్లీ కావేరీ ట్యాంకర్‌ని పిలిపించుకున్నట్టు. ఈ గ్రాము మాత్రలు ఏళ్ల తరబడి వేసుకున్న మగవాళ్లలో కిడ్నీ రాళ్లు ఎక్కువ కనిపించాయి కూడా. బెంగళూరు బోరు నీళ్లు తాగి, ఏసీలో కూర్చుని, నీళ్లు సరిగ్గా తాగని మన ఐటీవాళ్లకి అది అవసరమా?

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
మేడమ్, ఇది చదివాక ఒకటే టెన్షన్. మదనపల్లెలో మా నాన్నగారికి కంట్లో మాక్యులర్ డీజెనరేషన్, అంటే వయసుతో చూపు మధ్యభాగం మసకబారే జబ్బు, ఉంది. విటమిన్ల మాత్ర రోజూ వేసుకుంటారు. బీడీలు మానేసి చాలా ఏళ్లయింది. ఆయనకేమన్నా ఇబ్బందా?

జయనగర్ ఫార్మసిస్టు:
కంగారు పడకుండా ఆ డబ్బా వెనక ఫోటో తీసి పంపించమనండి. కంటి మాత్రల్లో రెండు రకాలున్నాయి. మొదటి ఫార్ములాలో 15 మి.గ్రా. బీటా కెరోటిన్ ఉండేది. తర్వాతి ట్రయల్‌లో, 2013లో, దాని బదులు ఆకుకూరల్లో ఉండే పసుపు రంగు పదార్థాలు, లూటీన్ 10 మి.గ్రా., జియాజాంతిన్ 2 మి.గ్రా. పెట్టి చూశారు. కంటికి పని తగ్గలేదు. బీటా కెరోటిన్ ఉన్న మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 2 శాతం, లేనివాళ్లలో 0.9 శాతం. ఆ వచ్చినవాళ్లు చాలామంది ఎప్పుడో మానేసినవాళ్లే, అందుకే మీ నాన్నగారి పాత బీడీలు కూడా లెక్కలోకి వస్తాయి. డబ్బా మీద లూటీన్, జియాజాంతిన్ మాత్రమే ఉంటే ఏం భయం లేదు. బీటా కెరోటిన్ ఉంటే కంటి డాక్టర్‌తో మాట్లాడి మార్పించండి. మాత్ర మొత్తానికే ఆపెయ్యకండి, కంటికి అది అవసరం.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
ఫోటో వచ్చింది. లూటీన్ రకమే. బతికించారు మేడమ్.

ఎలక్ట్రానిక్ సిటీ అక్క:
మా ఆయన బాల్కనీలో తాగుతాడు, తలుపు సందులోంచి పొగ హాల్లోకే వస్తుంది. పాపకి, నాకు విటమిన్లు తగ్గుతాయా?

ల్యాబ్ కోట్:
ఇంట్లో వేరేవాళ్ల పొగ పీల్చేవాళ్లలో, పిల్లల్లో కూడా, రక్తంలో విటమిన్ సి తక్కువ ఉన్నట్టు పరిశోధనలున్నాయి అక్కా. పాపకి జామపళ్లు పెట్టండి. బావగారిని మాత్రం కిందికి, రోడ్డు మీదికి పంపండి.

బెళ్ళందూరు బ్యాచిలర్:
ఆ కంపెనీకి ఫోన్ చేశాను. సీలు తీశారు కాబట్టి వాపస్ తీసుకోరట. పోనీలెండి. మరి పీజీలో ఉండేవాడు ఏం తినాలి? పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి చపాతీ కుర్మా, వారమంతా ఇదే.

ఎలక్ట్రానిక్ సిటీ అక్క:
జామకాయ తిను తమ్ముడూ, రోజుకొకటి. హాప్‌కామ్స్ (ఇక్కడి రైతు సహకార సంఘం పళ్ల దుకాణం) షాపులో కిలో కొంటే వారం వస్తుంది. బండి మీద కోసి ఉప్పు కారం వేసిచ్చేది కూడా పర్లేదు. ఉసిరికాయ దొరికే కాలంలో నెల్లికాయి అని అడిగితే ఇక్కడివాళ్లు ఇస్తారు. పచ్చడి కోసం ఉడకబెడితే సి కొంత పోతుంది, పచ్చిదే కొరికెయ్యి.

ల్యాబ్ కోట్:
100 గ్రాముల జామలో 200 మి.గ్రా. పైనే సి ఉంటుంది. మధ్యరకం కాయ ఒక్కటి తింటే పొగతాగేవాడి రోజు కోటా కూడా దాటిపోతుంది. అక్క చెప్పినదానికి నేను కలపాల్సింది లేదు.

నెల్లూరు పెద్దాయన:
నేను పెట్టె నుంచి రోజుకి రెండుకి తగ్గించాను. రెండే కదా, దానికి జామకాయ చాలు.

ల్యాబ్ కోట్:
తగ్గించడం మంచిదే పెద్దాయన గారూ, కానీ గుండె విషయంలో ఆ లెక్క నడవదు. రోజుకి 20 తాగేవాడికి వచ్చే అదనపు గుండెజబ్బు ముప్పులో సగం దాకా రోజుకి ఒక్కటి తాగేవాడికీ ఉంటుందని 2018లో చాలా అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. మానేస్తే వచ్చే లాభం మాత్రం త్వరగానే కనిపిస్తుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని కొలిచే గుర్తుల్లో నమ్మదగ్గవి ఐసోప్రోస్టేన్లు, కొవ్వు పాడైతే రక్తంలో, మూత్రంలో కనిపిస్తాయి. సిగరెట్ ఆపిన రెండు వారాలకే అవి తగ్గినట్టు 1995లో చూపించారు.

నెల్లూరు పెద్దాయన:
చూద్దాంలేవయ్యా. సంక్రాంతి పోనీ.

జయనగర్ ఫార్మసిస్టు:
బ్యాచిలర్ గారూ, మానాలని ఉందన్నారు కాబట్టి చెబుతున్నా. సిగరెట్ పెట్టె మీద ఒక నంబరు ఉంటుంది, 1800-11-2356. ఉచితం. దక్షిణాదివాళ్ల కాల్స్ మన బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లోనే అందుకుంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. సిగరెట్ మానడానికి నమిలే 2 మి.గ్రా. నికోటిన్ గమ్ డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతుంది. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లయితే 4 మి.గ్రా. గురించి డాక్టర్ని అడగండి.

నా దగ్గర కొన్నవాళ్లలో "గమ్ పని చెయ్యలేదు" అనేవాళ్లు ఎక్కువగా దాన్ని చూయింగ్ గమ్‌లా చకచకా నమిలేస్తారు. అలా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, మంట తప్ప ఏమీ మిగలదు. మెల్లగా నమలండి. నాలుక చురుక్కుమనగానే దవడకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలెయ్యండి. చురుకు తగ్గాక మళ్లీ రెండు నములు. ఒక గమ్ అరగంట రావాలి.

సీమ టపాకాయ:
ఫార్మసిస్టు అక్కా, మానేసిన వారంలో నాకు చేతులు వణికి నిద్ర పట్టలేదు. అది నికోటిన్ లేకనేనా?

జయనగర్ ఫార్మసిస్టు:
అదీ ఉంటుంది. ఇంకోటి కూడా ఉంటుంది, కాఫీ. పొగ వల్ల లివర్ కెఫీన్‌ని వేగంగా కరిగిస్తుంది. మానేశాక ఆ వేగం తగ్గిపోతుంది, అవే కప్పులు తాగినా రక్తంలో కెఫీన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. మానే వారంలో ఫిల్టర్ కాఫీ సగానికి తగ్గించండి.

బెళ్ళందూరు బ్యాచిలర్:
గమ్ రేపే కొంటా మేడమ్. చివరిగా ఒకటి. మా రూమ్మేట్ దగ్గర ఆరెంజ్ రుచి ఉండే విటమిన్ సి 500 చప్పరించే మాత్రలున్నాయి. జామకాయ దొరకని రోజు అదొకటి నోట్లో వేసుకుని, వెంటనే గమ్ పెట్టుకోవచ్చా?

జయనగర్ ఫార్మసిస్టు:
సి మాత్ర అప్పుడప్పుడూ పర్లేదు గానీ, గమ్‌కి ముందు మాత్రం వద్దు. నోట్లో పులుపుంటే నికోటిన్ చిగుళ్లలోంచి ఒంటికి ఎక్కదు. కాఫీ, జ్యూస్, కూల్‌డ్రింక్ ఏది తాగినా పావుగంట ఆగి, ఒకసారి నీళ్లతో నోరు పుక్కిలించి, అప్పుడు పెట్టుకోండి. గమ్ నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లు తప్ప ఇంకేమీ తాగొద్దు.